వెలుగోడు దాకా ఎక్కిన బరువు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ టీవీ కట్టేయండి. చేతిలో పని ఉంటే చేసుకుంటానే వినండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

ముందే చెప్తాండా, నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు. మా దూదేకులోళ్ళలో ఆడమనిషి పోతే ఆఖరి స్నానం చేయించేదానికి నంద్యాలలో మా పేటంతా నన్నే పిలుస్తారు. ఇరవై ఏండ్ల పైనే ఆ పని చేసినా. ఎంతమంది తలలు ఈ చేతుల్లో పట్టుకున్నానో. ఒక్కరూ లేసి కూర్చోలేదు, ఒక్కరూ వచ్చి నా తలుపు తట్టలేదు. పోయినోళ్ళు పోయినట్టే అనుకునేదాన్ని. నేను చదివింది మూడో తరగతి. కానీ చూసింది మాత్రం మరిచిపోను.

మా ఇంటాయన దస్తగిరికి ఆళ్ళగడ్డ రోడ్డులో మెకానిక్ షెడ్డు ఉంది. ఇల్లు దాని వెనకాలే. మొదట్లో ట్రాక్టర్లు చేసేవాడు, తర్వాత కార్లు నేర్చుకున్నాడు. ఆయనది ఒక పద్ధతి. బండి వెనకపక్క స్ప్రింగులు, షాకులు ఏం బాగుచేసినా బరువు పెట్టి చూడందే బయటికి పంపడు. వేరేవాళ్ళు బియ్యం మూటలు వేసి చూస్తారు. ఈయన నన్ను పిలుస్తాడు.

"మూటైతే నేను మోయాల. నువ్వైతే నడుచుకుంటా వచ్చి ఎక్కుతావ్," అంటాడు.

"మూట నీకు టీ పెట్టదులే," అంటా, ఎక్కి కూర్చుంటా.

చక్రం పక్కన ఒక పుల్ల నిలబెట్టి, రేకు అంచు యాడికి వచ్చిందో నేను ఎక్కకముందు ఒక గీత, ఎక్కినాక ఒక గీత గీస్తాడు. ఎన్ని వేళ్ళు దిగిందో చూసుకుంటాడు. అట్ల నేను ఎక్కని కారు లేదు. యాడికీ పోయింది లేదు గానీ.

పోయిన చలికాలం ఆఖర్న ఆళ్ళగడ్డ నుంచి శామ్యూల్ డాక్టరు సారు తన కారు తెచ్చినాడు. తెల్లది, జర్మనీ కారు, ముప్పై ఏండ్ల నాటిది. బెంగుళూరులో ఎవరో వాడింది ఈయన కొనుక్కున్నాడంట. దాని వెనక చక్రాల మీద నూనెతో నడిచే ఏర్పాటు ఉంటుంది. రెండు నల్ల ఇనుప గుండ్లు, వాటిలో గ్యాసు, నూనె. ఇంజను తిరుగుతాండగా వెనక ఎవరన్నా ఎక్కితే బండి కుంగుతుంది, కాసేపటికి తనంతట తనే లేసి సమంగా నిలబడుతుంది. దిగితే పైకి లేసి, మళ్ళీ సమానానికి వస్తుంది. గుంతల్లో పోయినా లోపల పరుపు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

"ఇప్పుడిది ఎద్దులబండి అయిపోయిందప్పా," అన్నాడు సారు. ఆయన భార్య టీచరమ్మకు క్యాన్సరు ఎముకలకు పాకింది. పిల్లలు లేరు. ఆంబులెన్సులో నంద్యాలకు తెస్తే గుంత గుంతకూ అరిచిందంట. "వెలుగోడులో వాళ్ళక్క రూతమ్మ ఉంది. మంచం దిగలేదు. చెవులు వినపడవు, ఫోన్లో మాట్లాడే దోవ లేదు. ఈమె అక్కను ఒక్కసారి చూస్తానంటాంది. డాక్టరును కదా, ఎన్నాళ్ళుంటాదో నాకు తెలుసు. తొందరగా చెయ్యి దస్తగిరీ."

మా ఆయన బండి కింద దూరి, వెనక డిక్కీ మీద చేతులు పెట్టి అదిమి చూసినాడు. రాయిలాగుంది. గుండ్లలో గ్యాసు అయిపోయిందని తేల్చినాడు. బెంగుళూరుకు ఫోన్ చేస్తే మూడో దినానికి బస్సులో గుండ్లు వచ్చినాయి, వాటితోపాటు ఆ బండికని ఉండే నూనె ఒక డబ్బా. ఆ నూనె చాల్లేదు. ఇంకో డబ్బా తెప్పించాలంటే మళ్ళీ రెండు దినాలు. డాక్టరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తాండాడు.

ట్రాక్టర్లు చేసిన చెయ్యి కదా. ఒత్తిడితో పనిచేసే నూనె ఏదైతేనేమి అనుకొని, షెడ్డులో ఉన్న బ్రేక్ ఆయిల్ పోసేసినాడు. తొందరగా ఇద్దామనే చేసినాడు. మరుసటి దినం మధ్యాన్నానికి లోపలి రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోయినాయి. బండి వెనక కూలబడింది. కింద నూనె మడుగు కట్టింది.

అప్పుడే డాక్టరు ఫోన్ వచ్చింది. "పార్సిల్ ఇంకా రాలేదు సార్," అన్నాడు మా ఆయన. నేను అక్కడే గోధుమలు ఏరుతాండా. తల ఎత్తలేదు. ఆ అబద్ధంలో నాకూ పాలుంది.

అన్నీ ఊడదీసి, కడిగి, కొత్త సీళ్ళు తెప్పించి వేసేసరికి పదకొండు దినాలు పట్టింది. ఆ పదకొండు దినాలు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

పని అయింది శుక్రవారం. జుమా నమాజు నుంచి వచ్చి ఇంజను ఆన్ చేసి నన్ను పిలిచినాడు. ఎక్కినా. బండి మూడు వేళ్ళు దిగింది, మెల్లగా లేసి సమంగా నిలబడింది. దిగినా. పైకి లేసి, కిందికి వచ్చి సర్దుకుంది. ఆయన మొహంలో వెలుగు చూసి ఎన్ని దినాలైందో. "రేపు పొద్దున్నే ఆయమ్మను వెలుగోడుకు తోలుకొని పోవచ్చు," అన్నాడు.

ఆ మాట అని పుల్ల తియ్యబోతాండాడు. అప్పుడు బండి మళ్ళీ కుంగింది.

లోపల ఎవరూ లేరు. నాలుగు తలుపులూ మూసి ఉన్నాయి. నేను బయట నిలబడి ఉన్నా, నా చెయ్యి కూడా దాని మీద లేదు. ఒకటిన్నర వేలు దిగింది. గీత గీసినాడు కాబట్టి చెప్తాండా. మెల్లగా లేసి సమంగా నిలబడింది. మనిషి ఎక్కితే ఎట్ల చేస్తాదో అట్లనే.

నూనె యాడన్నా కారుతాందేమోనని కింద అట్టముక్క వేసి చూసినాడు. చుక్క లేదు. కడ్డీలు, బోల్టులు అన్నీ పట్టి చూసినాడు. ఒత్తిడి చూసే గేజీ పెట్టినాడు. ముల్లు ఖాళీ బండికి నిలబడాల్సిన చోట నిలబడలేదు, దానికి కొంచెం పైన నిలబడింది. నేను తలుపు తీసి చూసినా. సీటు మామూలుగానే ఉంది. చల్లగాలి లేదు, వాసన లేదు. ఏమీ లేదు.

గేజీ ఇంకా విప్పకముందే ఫోన్ మోగింది. డాక్టరు.

"టీచరమ్మ పోయిందప్పా. ఇంతకుముందే. ఇంక కారుకు తొందర లేదులే."

మా ఆయన ఫోన్ చేతిలో పట్టుకొని నేల మీద కూర్చుండిపోయినాడు.

అదే కారులో ఇద్దరం ఆళ్ళగడ్డకు పోయినాం. నేను ముందు సీట్లో కూర్చున్నా. వెనక ఎందుకు ఎక్కలేదని ఆయన అడగలేదు. ఆ ఇంట్లో చర్చి ఆడోళ్ళు స్నానం చేయిస్తాండారు, ఎత్తి పట్టుకునేదానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. నేను పట్టుకున్నా. నా చేతులకు ఇది అలవాటైన పని, బరువు వాటికి తెలుస్తుంది. టీచరమ్మ సరిగ్గా నాలో సగముంది. నేనెక్కితే మూడు వేళ్ళు, ఎవరూ లేనప్పుడు ఒకటిన్నర, మనసులోనే లెక్క చూసుకున్నా. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి దినం పొద్దున సమాధి చేసినారు. పాస్టరు గారు వెళ్ళిపోయినాక డాక్టరు మా దగ్గరికి వచ్చినాడు. "రూతమ్మకు ఇంకా తెలీదు. వేరేవాళ్ళు చెప్పేది కాదు. నన్ను వెలుగోడులో దింపండప్పా," అన్నాడు.

సారు ముందు కూర్చున్నాడు. నేను వెనక కుడిపక్కన కూర్చున్నా, ఎడమపక్క వదిలిపెట్టి. రోడ్డు గుంతలు గుంతలుగా ఉంది. ఒక్క కుదుపు తెలియలేదు. అంత మెత్తగా పోతాంటే నాకు ఏడుపు ఆగలేదు.

నంద్యాల దాటినాక మా ఆయన చెప్పేసినాడు. "సార్, పార్సిల్ ఆలస్యం కాలేదు. నేను వేరే నూనె పోసి చెడగొట్టినా. పదకొండు దినాలు నా వల్లనే పోయినాయి. మీకు అబద్ధం చెప్పినా."

డాక్టరు తన పక్క కిటికీ అద్దం సగం దించినాడు.

"ఆమె రోజూ అడిగేది, కారు వచ్చిందా అని," అన్నాడు. "రేపు వస్తాది అని నేను రోజూ చెప్పినా. నాకు మాత్రం ఏం తెలుసని చెప్పినా. నీదొక్కటే అబద్ధం కాదులే. రోడ్డు చూసి నడుపు."

క్షమించినాడో లేదో నాకు తెలీదు.

వెలుగోడులో రూతమ్మ ఇంటి ముందర బండి నిలిపినాడు. ఇంజను ఆపలేదు. సారు దిగినాడు. నేను దిగినా. నా బరువు తగ్గి బండి పైకి లేసి, సర్దుకుంది. అది మామూలే. నేను కొంగు సర్దుకొని రెండు అడుగులు వేసినానో లేదో, మా ఆయన "ఏమేయ్" అని పిలిచినాడు, చిన్నగా. తిరిగి చూసినా. ఎడమపక్క తలుపు ఎవరూ తియ్యలేదు. బండి వెనక ఇంకోసారి లేస్తాంది, కొంచెమే. మళ్ళీ మెల్లగా దిగి నిలబడింది.

సారు అది చూడలేదు. ఆయన వెనకాలే నేను లోపలికి పోయినా. రూతమ్మ మంచం మీద గోడకు ఆనుకొని ఉంది. మమ్మల్ని చూసి కాళ్ళు ముడుచుకొని మంచం చివర చోటిచ్చింది. తనకేమో అనుకొని సారు ఆడ కూర్చోబోయినాడు.

"ఆడ వద్దప్పా," అనింది ముసలామె. "నువ్వు కుర్చీ లాక్కో."

సారు కుర్చీలో కూర్చొని, ఆమె చెయ్యి పట్టుకొని, మొహానికి మొహం పెట్టి మెల్లగా చెప్పినాడు. ఆమెకు అర్థమైంది. గట్టిగా ఏడవలేదు. మేము ఉన్నంతసేపూ ఇంకో చేత్తో ఆ ఖాళీ చోట దుప్పటి నిమురుతానే ఉంది.

మంచం మీద మగమనిషిని కూర్చోపెట్టడం బాగుండదని అన్నదేమో. చెల్లెలు తలపుకొచ్చి దుప్పటి నిమిరిందేమో. ఆమెను నేను అడగలేదు. చెవులు వినపడని మనిషిని అట్లాంటి మాట అరిచి ఎట్ల అడగాల? తర్వాత మా ఆయన ఆ కారును రెండుసార్లు పూర్తిగా విప్పి చూసినాడు. ఏ లోపమూ లేదు. ఇప్పటిదాకా మళ్ళీ అట్ల చేయలేదు. ఆ దినం ఎక్కింది ఏందో, దిగింది ఏందో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పను.

ఇంతసేపు కూర్చొని విన్నారు. మీ ఇంట్లో ఎవరికన్నా యాడికన్నా పోవాలని, ఎవరినన్నా చూడాలని ఉంటే, వాళ్ళు కండ్లు తెరుచుకొని ఉండంగానే తోలుకొని పోయే దోవ అల్లా మీకు చూపించాల. మీ ఇల్లు, మీ ఇంట్లోని పెద్దా చిన్నా అందరూ సల్లగా ఉండాల.