రైలుబండి నడుము

డ్రిల్లు మాస్టారికి కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇరవై ఆరేళ్లుగా బడిలో పిల్లల చేత పరుగులు తీయించడమే ఆయన పని. ఎవరికి తలనొప్పి వచ్చినా, కడుపులో నొప్పి వచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు: "లేచి రెండు చుట్లు కొట్టు, అదే పోతుంది." ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు గంటసేపు కూర్చుంటే చాలు, "నడుం పట్టేస్తుంది, కాస్త అటూ ఇటూ తిరుగు" అంటూ వెనకే నిలబడేవారు.

"పట్టుకున్నది నడుంనొప్పి కాదండీ, మీ నస" అనేది ఆవిడ, దారం పంటితో తెంపుతూ.

ఆ ఇంట్లో మూడో ప్రాణి ఒక కుక్క. జానెడు కాళ్లు, బారెడు ఒళ్లు. తల వంటింట్లోకి వచ్చినా తోక ఇంకా వరండాలోనే ఉంటుందని ఆవిడే దానికి రైలుబండి అని పేరు పెట్టింది. తెల్లవారగానే మాస్టారు దాన్ని బడి మైదానానికి తీసుకెళ్లి తనతోపాటు పరుగెత్తించేవారు. పిల్లలు దూకే అడ్డుకర్రల్ని కిందికి దించి దాని చేత దూకించేవారు. అది దూకినప్పుడల్లా ఆయన ఛాతీ ఉప్పొంగేది.

ఒకసారి రెండు మూడు రోజుల పాటు అది మెట్లెక్కనని మొరాయించింది. ఎత్తుకోబోతే కుయ్యిమంది. వీపు విల్లులా వంచి గోడ వారగా నిలబడిపోయింది.

"దానికేదో బాగాలేదండీ. ముట్టుకుంటే వణుకుతోంది."

"బద్ధకం. నాలుగు గంతులేస్తే అదే సర్దుకుంటుంది" అని ఆ రోజూ మైదానానికి తీసుకెళ్లారు. మొదటి కర్ర దూకింది. రెండోదాని ముందు ఆగి ఆయన ముఖంలోకి చూసింది. "ఊఁ, కానీ" అన్నారు. దూకింది.

మర్నాడు ఆయన కళ్లు తెరిచేసరికి రైలుబండి ముందుకాళ్లతో తన వెనక సగాన్ని నేలమీద ఈడ్చుకుంటూ మంచం దగ్గరికి వస్తోంది. తోక ఊపాలని చూసింది కాబోలు, ఊగలేదు. మాస్టారు దాన్ని దుప్పటిలో పడుకోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి మోసుకెళ్లారు.

పశువుల డాక్టరమ్మ దాని వెనకకాలి వేలిని సన్నటి పటకారుతో గట్టిగా నొక్కింది. రైలుబండి చటుక్కున తల తిప్పి అరిచింది.

"హమ్మయ్య" అంది డాక్టరమ్మ.

"అది ఏడుస్తుంటే హమ్మయ్య అంటారేంటమ్మా?"

"నొప్పి తెలుస్తోంది మాస్టారూ. అంటే ఆశ ఉన్నట్టే. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లలాంటివి ఉంటాయి. ఈ పొడుగు జాతికి అవి చిన్న వయసులోనే గట్టిపడిపోతాయి. ఒకటి పక్కకి జారి నరాలని నొక్కేస్తోంది. మందులిస్తాను. ఆరు వారాలు అది కదలకూడదు. నొప్పి కూడా తెలియకుండా పోతే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, ఆపరేషనుకి."

"నేను దూకించబట్టేనా?"

డాక్టరమ్మ చీటీ రాయడం ఆపింది. "జబ్బు మీరు తెచ్చింది కాదు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. కానీ నొప్పితో ఉన్నదాన్ని దూకించకుండా ఉండాల్సింది."

ఆవిడ అబద్ధం చెప్పనందుకు ఆయనకి కోపమొచ్చింది. దారిలో సగం దూరం వచ్చాక, అబద్ధం చెప్పకపోవడమే మేలైందనిపించింది.

ముందుగదిలో సోఫా తీసేసి చెక్కలతో చిన్న దడి కట్టారు. లోపల పరుపు. అది ఒకసారి ఇటు నుంచి అటు తిరగడానికి మాత్రమే చోటు. పుండ్లు పడకుండా కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. అన్నిటికంటే కష్టం, దానంతట అది మూత్రం పోయలేకపోవడం. పొట్టకి రెండు వైపులా అరచేతులు పెట్టి, తొందరపడకుండా నొక్కాలని డాక్టరమ్మ చేసి చూపించింది. అక్కడ సులువుగానే వచ్చింది. ఇంటికొచ్చాక మాస్టారి చేతులకి ఆ మూత్రపు తిత్తి ఎక్కడుందో కూడా దొరకలేదు. పూటపూటా దాన్ని ఆసుపత్రికి మోసుకెళ్లాల్సి వచ్చింది.

"విజిలేస్తే వచ్చేది కాదండీ అది. మెల్లిగా" అంది భార్య.

మూడో రోజు చేతికింద నిమ్మకాయలాంటిది తగిలింది. నిదానంగా నొక్కారు. "వచ్చింది! వచ్చేసింది!" అని ఆయన పెట్టిన కేకకి పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఎవరండీ, చుట్టాలా?" అంది.

మందులకి నొప్పి తగ్గాక అసలు కష్టం మొదలైంది. బయటికి తియ్యమని రైలుబండి గోల పెట్టేది. కుక్కిన పేనులా పడుండమంటే కుక్కకేం తెలుస్తుంది? పక్కన మనిషి కూర్చుంటేనే ఊరుకునేది. అలా మాస్టారు దడి పక్కన నేలమీద చతికిలబడి, బడి నుంచి వచ్చాక సాయంత్రాలన్నీ గడపడం నేర్చుకున్నారు. మొదట్లో పది నిమిషాలకే కాళ్లు పీకేవి.

ఒక సాయంత్రం దాని చెవి నిమురుతూ, "అంత నొప్పి పెట్టుకుని ఆ రెండోది ఎందుకు దూకావే?" అన్నారు.

వెనకాల కుట్టుమిషను ఆగింది. "మీరు దూకమన్నారు కాబట్టి."

ఆయన తిరిగి చూడలేదు. మిషను మళ్లీ మొదలైంది.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఏడాదిగా నడుం నొప్పి అంటుంటే మాస్టారు 'నాటకాల రాణి' అని పేరు పెట్టారు. మర్నాడు ఆమెని పక్కకి పిలిచి, "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగారు. ఆ పిల్ల బెదిరిపోయి, "లేదు సార్, ఇప్పుడు లేదు, పరుగెడతాను సార్" అంది. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిజం చెప్పడానికి ఆ అమ్మాయికి వారం పట్టింది. చెప్పిన రోజే వాళ్లమ్మని పిలిపించి, ఎముకల డాక్టరు దగ్గరికి తానే వెంటబెట్టుకెళ్లారు. వెన్ను కొంచెం పక్కకి వంగుతోందని, ఇంకా చేజారిపోలేదని డాక్టరు చెప్పాడు.

నాలుగో వారంలో రైలుబండి వెనకకాలి వేలు కదిలింది. మాస్టారి భార్య పాత కర్టెను చింపి, కుక్కకి టేపు పెట్టి కొలతలు తీసుకుని, వెనక భాగాన్ని పైకి పట్టుకునే పట్టీ ఒకటి కుట్టింది. "ఇంత పొడుగు నడుముకి ఇంతవరకు కుట్టలేదు" అని నవ్వింది. ఆరు వారాలయ్యాక డాక్టరమ్మ సరేనంది. ఆ పట్టీ ఊతంతో అది నిలబడింది, పడింది, మళ్లీ నిలబడింది. మూడు నెలలకి పట్టీ లేకుండా నడిచింది, పట్టాలు తప్పిన బండిలా అటూ ఇటూ ఊగుతూ.

ఇక దూకడం లేదు, మెట్లు లేవు. ఛాతీ కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, దాని నడుం వంగకుండా మాస్టారే ఎత్తి దించుతారు. పొద్దున్నే ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్లి రావడానికి అరగంట పడుతుంది. ఇప్పటికీ అది అప్పుడప్పుడు వరండాలో తడి చేస్తుంది. ఎవరి వంతని అడగరు. దగ్గరున్నవాళ్లు గుడ్డ తెచ్చి తుడుస్తారు.