గడప మింగిన ఎత్తు

కొలబద్ద తొలి గెలుపు ఒక పొగగొట్టం మీద. మూతపడిన మిల్లు పొగగొట్టం అది. అరవై మీటర్లని కట్టిన నాటినుంచీ కాగితాల్లో ఉంది, మిల్లు గోడ మీద ఎర్ర రంగుతో రాసి కూడా ఉంది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు నిండని ఇరవై మూడేళ్ళ పిల్ల మూడు కాళ్ళ యంత్రం పక్కన పదకొండు రోజులు వానలో నిలబడి, "యాభై ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు" అని రాసి ఇచ్చింది. ఆఫీసులో నవ్వనివాళ్ళు లేరు. "మిగతా మూడు మీటర్లూ ఏ కాకి ఎత్తుకుపోయిందమ్మా?" అని పెద్దసారే అడిగాడు. ఆ పిల్ల మాట మార్చలేదు. చివరికి పొగగొట్టాలు బాగుచేసే మనిషి ఒకడు పైకెక్కి, కొసన బరువు కట్టిన తాడు కిందికి వదిలాడు. ఆ తాడును నేలమీద పరిచి కొలిస్తే, ఆవిడ రాసినదానికీ దానికీ తేడా రెండు వేళ్ళు. ఆ రెండు వేళ్ళూ తాడు సాగినందుకు.

పేరు అప్పుడే పడింది. మనిషి పొడుగు, సన్నం, వంగని నడుము. కొలబద్ద అన్నారు, అంటూనే ఉన్నారు. ఆఫీసులోనే కాదు, వీధిలో ఇరుగుపొరుగుకీ అదే పిలుపు.

ఇప్పుడావిడకి యాభై నాలుగు. ఈ ముప్పై ఒక్కేళ్ళలో నలభై ఆరు మేడలు, తొమ్మిది పొగగొట్టాలు, రెండు వంతెనల స్తంభాలు, ఒక దీపస్తంభం కొలిచింది. ఒక్క కొలత కూడా తప్పని వెనక్కి రాలేదు. ఇలా చెప్పుకోగలిగినవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకొకరు లేరు. ఉంటే ముందుకు రమ్మనండి.

మేడ ఎత్తు కొలవడమంటే టేపు వదలడమనుకుంటారు చాలామంది. మొదటి తిప్పలు ఎక్కణ్ణించి కొలవాలన్నది. నేల ఎక్కడా ఒక్క మట్టంలో ఉండదు కదా. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆకాశం కనిపించేచోట, మనుషులు నడిచి లోపలికొచ్చే తలుపుల్లో అన్నిటికన్నా కిందున్న ముఖ్యమైన తలుపు గడప దగ్గర సున్నా. అక్కణ్ణించి పైకి. పైన ఇంకో తగాదా. కట్టడంలో భాగమైన శిఖరం లెక్కలోకి వస్తుంది. తరవాత తెచ్చి పాతిన యాంటెన్నా రాదు. మనుషులు మసలే చిట్టచివరి అంతస్తు ఎత్తు వేరే రాస్తారు. ప్రపంచంలోకెల్లా పొడుగు మేడ ఎనిమిది వందల ఇరవై ఎనిమిది మీటర్లు. దాని పై రెండొందల నలభై పైచిలుకు మీటర్లలో ఎవరూ కాపురం ఉండరు, బల్ల వేసుకుని పని చెయ్యరు. ఆ మాట చెబితే కొలబద్ద మొగుడు, "అంటే అది మేడ కాదే, టోపీ!" అన్నాడు.

ఆయన దర్జీ. ఇద్దరిదీ కొలతల సంసారమే. పిల్లల్లేరు, ఒకరికొకరు. రెండేళ్ళుగా ఆయన కుడికంటికి పొర కమ్ముతోంది. ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది, రెండుసార్లూ ఆవిడ మేడల మూలంగానే. పక్కన ఇంటిమనిషి లేనిదే ఆసుపత్రివాళ్ళు బల్ల ఎక్కించరు. ఈసారి జూన్ ఆరు, శుక్రవారం ఖాయం చేసుకున్నారు. "బుధవారానికి కొలిచేస్తాను, గురువారానికి ఇంట్లో ఉంటాను" అని మాటిచ్చి మరీ బయల్దేరింది కొలబద్ద.

ఈ మేడ పరాయి ఊళ్ళో ఉంది. మూడు వందల మీటర్లు దాటితే మహా మేడల జాబితాలో చోటు. విమానాల దారి కింద ఉంది కాబట్టి అంతకుమించి పావు మీటరు కూడా లేపడానికి అనుమతి లేదు. అందుకని కట్టినవాళ్ళు మూడు వందల మీటర్ల అయిదు సెంటీమీటర్లకు గీయించి, అంతే కట్టారు. కొలిచి సంతకం పెట్టడం కొలబద్ద వంతు.

సోమవారం, మంగళవారం, బుధవారం, మూడు రోజులూ తెల్లవారుజామునే లేచింది. పొద్దెక్కితే ఎండ పడిన వైపు మేడ సాగుతుంది, కొస రెండోవైపు ఒరుగుతుంది. గాలి లేచిందంటే ఊగుతుంది. సూర్యుడు రాకముందే పని కానియ్యాలి. మోకాళ్ళు అరిగిపోయాయి ఆవిడకి. యంత్రం దగ్గర వంగితే లేవడానికి ఒక నిమిషం, లేచాక ఊపిరి అందడానికి ఇంకో నిమిషం. మూడు రోజులూ ఒకటే లెక్క వచ్చింది. రెండు వందల తొంభై తొమ్మిది మీటర్ల తొంభై నాలుగు సెంటీమీటర్లు.

ఆరు సెంటీమీటర్లు తక్కువ. నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేదు.

ముందు యంత్రాన్ని అనుమానించింది. సరిచూసింది, బాగానే ఉంది. తరవాత తన కళ్ళని అనుమానించింది. చేతులు కట్టుకుని మేడ వంక కాసేపు చూసి, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి పెద్ద తలుపు దగ్గర గడప మీద కూలబడింది. నిలబడే ఓపిక లేక కూర్చుంది గానీ, కూర్చోబట్టే కనబడింది. గాజు తలుపు కింద ఉన్న ఇత్తడి పట్టీ, పక్క తలుపు పట్టీలో సగమే ఉంది. కొస కొత్తగా కోసిన మెరుపు. పొడుగైన పంట్లాం కాళ్ళు మొగుడు కత్తిరించి మడత కుట్టడం వెయ్యిసార్లు చూసిన మనిషి. ఇట్టే పోల్చుకుంది.

"మేస్త్రీ, ఇలా రా!" అని పిలిచింది.

రాళ్ళ మేస్త్రి తలగుడ్డ సర్దుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే దర్బారు పెట్టావు?"

"ఈ తలుపు ఎందుకు కోశారు?"

"కోయక చస్తామా! ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారు, వాననీళ్ళు లోపలికొస్తే పరువు పోతుంది, వాకిలంతా నల్లరాయి పరవమన్నారు. పరిచాం. గడప ఎత్తు పెరిగింది, తలుపు తెరుచుకోలేదు. కోశాం."

"ఎంత పెరిగింది?"

మేస్త్రి బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించాడు. "పదకొండు సెంటీమీటర్లు. చూశావా, ఎంత నున్నగా వచ్చిందో! నా చేతిపని."

"నీ చేతిపని బంగారంగానూ!" అంది కొలబద్ద. "మేడ పదకొండు సెంటీమీటర్లు పొట్టిదైపోయింది."

మేస్త్రి తల ఎత్తి మేడ కొస వంక చూశాడు, మళ్ళీ రాళ్ళ వంక చూశాడు. "పైన ఎవరూ ఏమీ కొయ్యలేదు కదక్కా," అన్నాడు. నిజంగానే బెంగపడ్డాడు పాపం.

పని నడిపించే మేనేజరును కూలీలు తొందరాయన అంటారు. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. కొలబద్ద లెక్క విని ఆయన ఆ రోజు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్, కార్లు దిగే కింది దారి ఉంది కదా. అక్కణ్ణించి కొలిస్తే ఇంకో నాలుగు మీటర్లు కలిసొస్తుంది."

"అది మనుషులు నడిచొచ్చే దారి కాదండీ. పైగా కప్పు ఉంది."

"పోనీ, పైన యాంటెన్నాకి చుట్టూ రేకు తొడిగిస్తాను. శిఖరం అనుకోండి."

"రేకు తొడిగినంత మాత్రాన శిఖరమైపోతుందా?"

ఆయన గొంతు తగ్గించాడు. "రాళ్ళు వెయ్యకముందు వచ్చి కొలిచారనుకోండి. మే ఇరవై తేదీ వెయ్యండి, చాలు. అప్పుడు అయిదు సెంటీమీటర్లు ఎక్కువే కదా, అబద్ధం కూడా కాదు. సాయంత్రం బండికి టికెట్టు నేనే తీయిస్తాను. ఎల్లుండి మీ ఆయనకి ఆపరేషనని విన్నాను. మీ మేలు కోరే చెబుతున్నాను."

నిజం చెప్పాలంటే కొలబద్ద మనసు టికెట్టు మాట దగ్గరే ఆగిపోయింది. ఒంట్లో ఓపిక లేదు. సొంత మంచం, వేణ్ణీళ్ళ కాపడం, శుక్రవారం ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కడం, ఇంతే ఆవిడకి కావలసింది. ఒక్క తేదీ మారిస్తే అన్నీ దక్కుతాయి. కాగితం ముందుంది, కలం చేతిలో ఉంది.

కలం మూతపెట్టి, "ఇంటికి ఒక ఫోన్ చేసుకుని వస్తాను," అని లేచింది. తిన్నగా ఆ నల్లరాయి గడప మీదకే వెళ్ళి కూర్చుంది.

"ఏవండీ, పనిలో ఉన్నారా?"

"ఆ, ఉన్నాను. ఇందాక ఒకాయన చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. తొడుక్కుని అద్దంలో చూసుకుని, ఇదేమైనా కొత్త ఫ్యాషనా అన్నాడు. అవునన్నాను. నవ్వుకుంటూ పోయాడు."

నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆయనకి తెలిసిపోయింది. "ఎంత తక్కువొచ్చిందే?"

"ఆరు సెంటీమీటర్లు."

"మూడు వందల మీటర్లకా?"

"ఆ." జరిగినదంతా చెప్పింది. తేదీ సంగతి కూడా దాచలేదు.

కుట్టుమిషను చక్రం ఆపిన చప్పుడైంది. "నడుము కొలిచేటప్పుడు అందరూ పొట్ట లోపలికి పీలుస్తారు," అన్నాడు. "పీల్చిన పొట్టకి కుట్టామనుకో, ఆయన భోంచెయ్యగానే చిరుగుతుంది. తిట్లు మాత్రం నాకు. నేనెప్పుడూ వదిలిన పొట్టకే కుడతాను. నువ్వూ అంతే చెయ్యి."

"మీ కన్నో?"

"నిన్న నీ గొంతు వినగానే ఆసుపత్రికి ఫోన్ చేశాను. మళ్ళీ ఇరవై మూడునే ఖాళీ అట." చక్రం మళ్ళీ తిప్పుతూ అన్నాడు, "కంటికేమీ తొందర లేదు. తొందరంతా నాదే."

కొలబద్ద లోపలికి వెళ్ళి ఉన్న లెక్క ఉన్నట్టు, ఆ రోజు తేదీతోనే రాసింది. రెండు వందల తొంభై తొమ్మిది మీటర్ల తొంభై నాలుగు. తొందరాయన అది చదివి తలపట్టుకుని, యజమానికి ఫోన్ చేశాడు. అవతల ఎంతసేపు కేకలు వినిపించాయో ఆవిడ లెక్కపెట్టలేదు. చివరికి తేలిందేమిటంటే, వాకిలి రాళ్ళు లేపెయ్యాలి, గడప పాత మట్టానికి దించాలి, మళ్ళీ కొలవాలి. ఒకసారి మొదలుపెట్టినవాళ్ళే ముగించాలని ఆఫీసు నియమం. ఇంకొకరిని పంపరు, ముగిసేదాకా ఆ ఊరు వదలనివ్వరు.

"నున్నగా వచ్చింది, నున్నగా వచ్చింది అని మురిశాను," అంటూ మేస్త్రి మొదటి రాయి కింద గునపం దూర్చాడు. "పన్నెండు రోజులు పడుతుందక్కా. తిట్టుకోకు."

"తిట్టే ఓపిక కూడా లేదురా నాయనా. ఈసారి తలుపు మాత్రం కోయకు."

"మరి కింద సందు వస్తుంది కదా?"

"సందుకి పట్టీ కట్టుకోండి. గడప జోలికి మాత్రం రావద్దు."

ఆవిడ బసలో మంచం మీద కాళ్ళు చాపి, వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. పదహారుకి రాళ్ళ పని అయిపోతుంది. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది మూడు తెల్లవారుజాములు. ఇరవైన కాగితాలు, సాయంత్రం బండి. ఇంటికి ఫోన్ చేసి అదంతా వరసగా చెప్పింది. ఆయనకి క్యాలెండరు మీద అంకెలు కనిపించవు. అందుకని కత్తిరింపు బల్ల మీద నల్లగుడ్డ పరిచి, సుద్దతో అరచేతులంత అక్షరాలు రాశాడు. రాస్తున్న చప్పుడు ఆవిడకి ఫోన్లో వినబడింది.

"చదవండి, సరిగ్గా రాశారో లేదో," అంది.

ఆయన ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. "ఆవిడ రాక. జూన్ ఇరవై ఒకటి, శనివారం."