సిమెంటు రాని మూడు వారాలు

పని చేయలేదని మాకు మూడు వారాల జీతం ఆపారు. అదే మూడు వారాల్లో పని చేశామని మమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారు. రెండు శిక్షలూ ఒకే మేనేజరు, ఒకే పూట, ఒకే కుర్చీలో కూర్చుని వేశాడు. రెండింటిలో ఏదో ఒకటే కదా నిజం కావాలి అని అడిగాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే అడుగుతున్నాను.

1976 మొదట్లో మా కట్టడాల కంపెనీ నన్ను మస్కట్ నుంచి కొండల వైపున్న బహ్లా అనే ఊరికి పంపింది. అక్కడ ఒక బడి కడుతున్నాం. నా హోదా చార్జ్‌హ్యాండ్. తెలియనివాళ్ల కోసం చెబుతాను: హెల్పర్ పైన మేస్త్రీ, మేస్త్రీ పైన చార్జ్‌హ్యాండ్, ఆ పైన ఫోర్‌మన్. పని చేయించే బాధ్యతంతా చార్జ్‌హ్యాండ్‌ది, అధికారం మాత్రం పైవాడిది. బహ్లా సైట్‌కు ఫోర్‌మన్ లేడు కాబట్టి నా పైన నేరుగా మేనేజరే. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు సిమెంటు బస్తాల మీద, అరబ్బీ మాటలు లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నాను. ఎవడూ కూర్చోబెట్టి చెప్పలేదు.

నా కింద పన్నెండు మంది. అందరూ జగిత్యాల, మెట్‌పల్లి వైపువాళ్లే. అందులో పెద్దవాడు మల్లయ్య, రాతిపని మేస్త్రీ. నన్ను తమ్మీ అనేవాడు, నేను మల్లన్నా అనేవాణ్ణి. వీసా కోసం ఉన్న రెండెకరాలూ కుదువపెట్టి వచ్చాడు. వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆ రోజుల్లో సిమెంటు ఓడల్లో రావాలి. రేవులో చోటు దొరక్క ఓడలు సముద్రంలోనే ఆగిపోయేవి. ఉన్న బస్తాలు అయిపోగానే మా పని ఆగింది. మేనేజరు ఒక్క ముక్కలో తేల్చాడు: "కామ్ నహీ తో పగార్ నహీ." పని లేకపోతే జీతం లేదని. తిండి మాత్రం పెడతానన్నాడు.

రూమ్‌లో కుర్రవాళ్లు మొదట నవ్వుకున్నారు. "కంపెనీకి ఇల్లరికం అల్లుళ్లమైనం పో. తినుడు, పండుడు" అన్నాడొకడు.

"అల్లునికి గింత పప్పు నీళ్లు పోస్తరారా ఎవరన్న?" అన్నాడు మల్లయ్య.

ఇక్కడ పద్ధతి ఒకటి చెప్పాలి. అప్పటికి ఆ దేశపు లేబర్ చట్టం కొత్తది. పని లేక కూర్చున్నవాడి రోజు ఎవరి ఖాతాలో పడాలి అన్నదానికి, ఒక లారీ డ్రైవరు తనకు తెలిసినంతలో ఇలా చెప్పాడు: వేళకు సైట్‌కు వచ్చి సిద్ధంగా నిలబడితే, పని ఇవ్వలేకపోవడం యజమాని లోటు. రూమ్‌లో పడుకుంటే నీ లోటు. అందుకని రోజూ ఆరు గంటలకు పన్నెండు మందినీ పనిబట్టల్లో గేటు దగ్గర నిలబెట్టేవాణ్ణి. మేనేజరు వచ్చి, చూసి, పొమ్మనేవాడు. పోయేవాళ్లం.

రెండో వారంలో కొండల్లో వాన పడింది. వాగు పొంగి ఫలజ్‌ను కోసేసింది. ఫలజ్ అంటే కొండ అడుగునున్న ఊట నుంచి ఊరికి నీళ్లు తెచ్చే కాలువ. ఖర్జూరపు తోటలన్నీ దాని మీదే బతుకుతాయి. మా క్యాంపు డ్రమ్ములు నిండేదీ, మేము తాగేదీ, స్నానం చేసేదీ ఆ నీళ్లే. గట్టు తెగి నీళ్లు వాగులో కలుస్తున్నాయి. ఊరి ముసలివాళ్లు, పిల్లలు తట్టలతో బురద ఎత్తుతున్నారు. ఫలజ్ మంచిచెడ్డలు చూసే పెద్దను వకీల్ అంటారు. ఖల్ఫాన్ అనే ఆ పెద్దమనిషి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

గేటు దగ్గర నుంచే అంతా కనిపిస్తోంది. మల్లయ్య కాసేపు చూసి పార భుజాన వేసుకున్నాడు.

"ఏడికే మల్లన్నా?" అన్నాను.

"గండి పడ్డది కనవడ్తలేదా? నీళ్లు పోతుంటే చూస్కుంట కూసుండుడేంది తమ్మీ, మనుషులం గాదా?"

మా వైపు చెరువుకట్టకు గండి పడితే కులం, కూలి అడగరు. చేతికి దొరికింది పట్టుకుని పరుగెత్తడమే. అందరూ లేచారు. నేను ఆపలేదు. ఆపవలసిందని తర్వాత చాలామంది అన్నారు. నేను ఇప్పటికీ ఒప్పుకోను.

పోయేముందు మల్లయ్యే ఇంకో ఏర్పాటు చేశాడు. సైట్ గేటుకు గంట బదులు రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. ఒకణ్ణి దాని దగ్గర కూర్చోబెట్టి, "సిమెంట్ లారీ మొకం కనవడంగనే కొట్టు, ఉరికొస్తం" అన్నాడు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడడం, మేనేజరు పొమ్మన్నాక ఫలజ్ దగ్గరికి పోవడం. మల్లయ్య రాళ్లు పేర్చి తెగిన గట్టు మళ్లీ లేపాడు. ఊరివాళ్లు ఖర్జూరాలు, కాఫీ తెచ్చారు. కూలి వాళ్లు ఇవ్వలేదు, మేము అడగలేదు. మేనేజరు జీపు రోజూ ఆ పక్కనుంచే పోయేది.

నీళ్లు మళ్లీ పారిన వారానికి మేనేజరు మమ్మల్ని పిలిచాడు. ఇంకో యజమాని దగ్గర పని చేశారు, కాంట్రాక్టు తప్పారు, అందరి వీసాలూ క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతున్నాను అన్నాడు. నన్ను కూడా. ఆగిన మూడు వారాల జీతం కూడా ఇక రాదని ఆ పూటే తేల్చాడు. విమానంలో సీటు దొరికినకొద్దీ ఒక్కొక్కరు పోవాలి. అందరికంటే ముందు కాలువలోకి దిగాడు కాబట్టి మొదటి టికెట్టు మల్లయ్యకే.

గురువారం తెల్లవారుజామున అతన్ని పికప్‌లో మస్కట్‌కు ఎక్కించారు. సాగనంపి వస్తానని నేనూ ఎక్కాను. దారిలో నిజ్వా అనే ఊరు దాటాక అతను అన్నాడు: "దొంగతనం జేసి వచ్చిండంటే ఊరోళ్లు నమ్ముతరు. తాగి కొట్లాడిండంటే నమ్ముతరు. పని జేసినందుకు ఎల్లగొట్టిండ్రంటే ఎవడు నమ్ముతడే?"

లేబర్ ఆఫీసు ఉంది కదా అన్నాను.

మస్కట్‌లోని రువీలో కంపెనీ హెడ్డాఫీసు ముందు దిగాం. అతన్ని అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టి, కదలకు మల్లన్నా అని చెప్పి, లేబర్ ఆఫీసుకు నడిచాను. అక్కడి అధికారి వయసులో నాకంటే చిన్న, నిదానస్తుడు. నా వచ్చీరాని అరబ్బీ అంతా విన్నాడు. రేపు సెలవు, విచారణ శనివారం, మీ మేనేజరును పిలిపిస్తాను అన్నాడు. ఈలోగా ఎవరినీ పంపకుండా ఆపవచ్చు, కానీ పంపబోయే మనిషి నా ముందుకు వచ్చి తన నోటితో ఫిర్యాదు చెప్పాలి, ఒకడి తరఫున ఇంకొకడు చెబితే చెల్లదు అన్నాడు.

వెనక్కి పరుగెత్తాను. బెంచీ ఖాళీ. పాస్‌పోర్టుల పని చూసే కంపెనీ మనిషి అతన్ని అప్పుడే సీబ్ విమానాశ్రయానికి తీసుకుపోయాడు. టాక్సీలో వెళ్లేసరికి మల్లయ్య అద్దం అవతల ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. పోలీసు కూర్చోమని చెయ్యి ఊపాడు. కూర్చున్నాడు.

లారీ డ్రైవరుతో బహ్లాకు కబురు పంపి, శనివారం దాకా మస్కట్‌లోనే హమ్రియాలో మా ఊరివాడి రూమ్‌లో ఉన్నాను. విచారణకు మేనేజరు వచ్చాడు. మిగిలిన మావాళ్లు పదకొండు మందీ వచ్చారు, వాళ్లు చెప్పగా వకీల్ ఖల్ఫాన్ కూడా అంత దూరం లారీలో వచ్చాడు, చేతికర్రతో సహా.

అధికారి నన్ను అడిగినవి: పని ఎందుకు ఆగింది, పొద్దున ఎక్కడ నిలబడేవాళ్లు, ఎవరు పొమ్మన్నారు, పిలిస్తే వచ్చే దూరంలోనే ఉన్నారా. రైలుపట్టా సంగతి చెప్పాను. పని పోయినవాడికి ప్రభుత్వమే బీమా భత్యం ఇచ్చే దేశాలున్నాయని తర్వాత చదివాను. అక్కడా ఇవే ప్రశ్నలట: పని ఎందుకు పోయింది, పనికి సిద్ధంగా ఉన్నావా, మధ్యలో ఇంకెక్కడైనా చేశావా. మాకు అలాంటి బీమా ఏదీ లేదు. ఆ బల్ల ముందు నిలబడడమే మా బీమా.

ఖర్జూరాలు, కాఫీ కూడా కూలి కిందికే వస్తాయని మేనేజరు వాదించాడు. వీళ్లకు ఏమిచ్చావని అధికారి వకీల్‌ను అడిగాడు. ముసలాయన అధికారి వైపు చూడలేదు, మేనేజరు వైపు తిరిగాడు. "ఆ నీళ్లు తాగేవాడే ఆ కాలువ తవ్వుతాడు. మా పద్ధతి అది. నువ్వూ అవే నీళ్లు తాగావు. నువ్వెందుకు రాలేదు?"

మేనేజరు తన కాగితాలు సర్దుకున్నాడు.

తీర్పు ఆ పూటే వచ్చింది. ఊరి కాలువ బాగుచేయడం ఇంకో యజమాని దగ్గర పని కాదు. మనుషులు సిద్ధంగా ఉన్నారు కాబట్టి మూడు వారాల జీతం ఇవ్వాలి. ఎవరినీ పంపకూడదు. ఆ తర్వాత సిమెంటు వచ్చింది, మేము మిగతా పని పూర్తిచేశాం. బడి లేచింది.

మల్లయ్య మాత్రం రాలేదు. తీర్పు అతనికీ వర్తిస్తుంది కదా, వీసా పంపండి, జీతం పంపండి అని మేనేజరును అడిగాను. హెడ్డాఫీసులో అడిగాను. మస్కట్ పోయిన ప్రతిసారీ అడిగాను. నన్ను చూడగానే గుమాస్తా, "ఆగయా మల్లయ్యా కా వకీల్" అనేవాడు, వచ్చాడయ్యా మల్లయ్య ప్లీడరు అని. అననీ. చివరికి కంపెనీకి అర్జీ టైపు చేయించి ఇచ్చాను.

ఆ తర్వాత ఫోర్‌మన్‌నై, జనరల్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యేదాకా ఎందరి తరఫునో లేబర్ ఆఫీసు మెట్లెక్కాను. ఈ ఒక్క కేసు నేర్పింది ఇంతే: న్యాయం మన వైపు ఉందా లేదా అన్నది రెండో సంగతి. ముందు మనిషి ఆ గదిలో ఉండాలి. బెంచీ మీద కూర్చోబెట్టి పోకూడదు, చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి.

నా అర్జీకి కంపెనీ జవాబు మరుసటి ఏడాది వచ్చింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. నేనే కూడబలుక్కుని చదివాను. తెలుగులో ఇవి:

"మీరు పేర్కొన్న మల్లయ్య అనే కార్మికుడు విచారణ రోజున హాజరు కాలేదు. తన ఫిర్యాదు చెప్పుకోవడానికి దేశంలో ఉండని మనిషికి ఫిర్యాదు ఉన్నట్టు కంపెనీ పరిగణించదు."