సంతలో వేసిన కుర్చీ

బారికి గాసి వస్తున్నాడంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లు అతని ముఖం చూడరు, చంకలో టముకు ఉందా అని చూస్తారు. టముకు మోగిందంటే వెట్టి. దొరల సామాన్లు మోయాలి, లేదా రోడ్డుకు రాళ్లు కొట్టాలి. గాసి తండ్రి కూడా బారికే. సర్కారు మాట ఊరికి చేరవేసినందుకు ఇచ్చిన భూమి చెక్కలో చోళ్లు పండించుకుని, అందరి చేతా తిట్లు తింటూ నవ్వుతూ బతికాడు. గాసికి ఆ చెక్కతో పాటు నవ్వూ వచ్చింది.

1926లో వానలకు ముందు డిప్యూటీ తాసిల్దారు సర్వేశ్వరరావు అరకు వచ్చారు. గురువారం సంతను గెడ్డ అవతలికి, కొత్త బండిరోడ్డు పక్కకు మార్చాలని ఆలోచన. అయితే జనం ఏమంటారో విని రాయమని పైనుంచి హుకుం. బుధవారం పొద్దున్న తాను దిగిన బంగళాకు రమ్మని గాసి చేత టముకు వేయించారు.

గాసి ఇల్లు గెడ్డకు ఇవతల. భార్య కనక ఆ సంతలోనే అల్లం అమ్ముతుంది. వానాకాలం గెడ్డ పొంగితే తలమీద గంపతో దాటలేరు. సంత అవతలికి పోతే వానలు వెలిసేదాకా అమ్మకమూ ఉండదు, ఇంట్లోకి ఉప్పూ ఉండదు. అందుకని ఈసారి టముకు మరీ గట్టిగా వేశాడు. మగవాళ్లు అంత తొందరగానూ కొండెక్కేశారు.

"వెట్టి కాదర్రా! మాట సెప్పడానికే!" అని అరిచాడు.

"పోయినేడూ అలాగే సెప్పేవు! నా బుజం ఇంకా నొప్పే!" పొదల్లోంచి జవాబు వచ్చింది.

బుధవారం బంగళాకు ఒక్కరూ రాలేదు. "అయితే ఎవరికీ అభ్యంతరం లేదన్నమాట. రేపు అలాగే రాసి బయలుదేరతాను," అన్నారు తాసిల్దారు, సంతోషంగానే.

ఇంటికి వచ్చి చెబితే కనక మండిపడింది. "టముకేసి పిలిస్తే ఎవులొస్తారు? రేపు మేవందరం ఎక్కడుంటామో నీకు తెల్దేటి? ఆ బావునే అక్కడికి తే."

"తాసిల్దారంటే నీ అల్లం గంపనుకున్నావేటే, ఎత్తుకొచ్చీడానికి?"

"ఆయన్నొద్దులే. ఆయన కుర్సీ మోసేది నువ్వే కదా."

గాసి నవ్వబోయి ఆగాడు. అడక్కుండా కుర్చీ కదిపితే బారికితనం పోతుంది, చెక్కా పోతుంది.

గురువారం తాసిల్దారు స్నానానికి వెళ్లగానే కుర్చీ తలకెత్తుకున్నాడు. చింతపండు గుట్టలకీ అల్లం గంపలకీ మధ్య దాన్ని వేశాడు. కాసేపటికి కుర్చీ వెతుక్కుంటూ తడి తలతో తాసిల్దారు వచ్చారు.

"ఏమిట్రా ఇది?"

"ఇక్కడైతే ఎవులూ పారిపోరు బావూ. సరుకొదిలి ఎక్కడికెల్తారు?"

సంతంతా చూస్తోంది. అంతమంది ముందు కుర్చీ మోయించుకుని వెనక్కి పోవడం ఆయనకు బాగుండలేదు. కూర్చున్నారు. "సరే. సంత అవతలికి మారిస్తే మీకేం?"

అందరూ గంపలు సర్దుకోవడంలో పడ్డారు. చివరికి అవతలి గట్టు నుంచి వచ్చిన జమ్మి లేచింది.

"మార్సీండి బావూ. మాకు దగ్గర."

"నీకు దగ్గరని మేం గెడ్డలో కొట్టుకుపోవాలేటే?" కనక గయ్యిమంది.

"ఇన్నేళ్లూ మేం దాటి రాలేదా? పోయిన వానకి నా మేక కొట్టుకుపోలేదా?"

"మేక పోయి నువ్వు మిగిలేవు, మా పేణాలు తియ్యడానికి!"

సంత గొల్లుమంది. ఆ తర్వాత ఎవరినీ ఆపడం తాసిల్దారు వల్ల కాలేదు. గెడ్డ ఎక్కడ లోతో, ఎక్కడ ఇరుకో మగవాళ్లు కూడా అరిచి చెప్పారు. ముందు వంతెన వేస్తే సంత ఏ గట్టున ఉన్నా ఒకటే అన్నదగ్గర మాత్రం కనక, జమ్మి ఇద్దరూ కలిశారు.

"వంతెన పడేదాకా సంత ఇక్కడే," అని తాసిల్దారు రాసి, పైకి చదివారు.

"వంతెన పనికి కూలి ఇస్తారనీ రాయండి," అంది జమ్మి. "వెట్టికైతే మావోళ్లు కొండ దిగరు."

ఆయన కలం ఆగింది. చుట్టూ ఎవరూ కదల్లేదు. అదీ రాశారు. "అడక్కుండా ఇంకోసారి కుర్చీ ముట్టుకున్నావంటే నీ పని ఊడుతుంది," అని గాసితో అంటూ లేచారు.

"ఉండండి బావూ," అంది కనక. "అడివిలో పసువుల మేతకి కట్టే పుల్లరి మాట ఇంకా ఎత్తలేదు."

తాసిల్దారు పొద్దు వైపు ఒకసారి చూసి, మళ్లీ కూర్చున్నారు.