బాబాయ్, తిన్నగా పోని చుక్క

ఎదుటివాడి తప్పు ఎదుటివాడికి చెప్పాలంటే, అందరూ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దమనిషికి ప్రాణసంకటం. అంతకంటే తనే సర్దుకుపోతాడు. సెలూన్ నడిపే రోజుల్లో, మెడ వాల్చేసి కునుకు తీసేవాణ్ణి కూడా సరిగ్గా కూర్చోమన్న పాపాన పోలేదు. తనే వంగి కత్తిరించేవాడు. సాయంత్రానికి జనం క్రాఫులన్నీ తిన్నగా, బాబాయ్ నడుం వంకరగా ఉండేవి. మెట్లమీంచి పడి కాళ్ళూ చేతులూ చచ్చుబడినప్పుడు కూడా, పాపం మెట్లదేం తప్పులేదన్నాడు.

అలాంటి మనిషి ల్యాబులో ఓ ఇంజినీరమ్మాయి చేతిలో పడ్డాడు. డాక్టర్లు ఆయన మెదడులో సన్నటి తీగలు అమర్చారు. చెయ్యి జరపాలని మనసులో అనుకుంటే చాలు, తెరమీద చుక్క జరగాలి. ఆ అనుకోవడాన్ని చుక్కకు చేరవేసే ప్రోగ్రాం అమ్మాయిది. మొదట్లో చుక్క తప్పతాగినవాడిలా తిరిగినా, రానురాను చెప్పినచోటికల్లా పోయింది. ఎలా ఉందని అడిగితే "బంగారంలా ఉందమ్మా" అనేవాడు. ఏమడిగినా బంగారమే.

ప్రయోగం ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి ల్యాబు పెద్దాయన వస్తానన్న రోజు, పొద్దున్నే అమ్మాయి ప్రోగ్రాం మళ్ళీ చూసుకుంది. అందులో చుక్క పోవాల్సిన దిక్కు మొదటినుంచీ పక్కకు తిరిగి ఉంది. మరి చుక్క ఇన్నాళ్ళూ తిన్నగా ఎలా పోయిందో ఆలోచించే తీరికేదీ? గబగబా సరిచేసి హమ్మయ్య అనుకుంది.

పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. బాబాయ్ కుడివైపు గుర్తుకు గురిపెట్టాడు. చుక్క కిందికి పోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కిందికే. తప్పు తనదేననీ, రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదనీ బాబాయ్ అందుకున్నాడు. అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. పొద్దున చేసిందంతా చెప్పేసింది.

"అదా సంగతి!" అన్నాడు బాబాయ్, బరువు దిగినట్టు. "మొదటిరోజే చూశానమ్మా. కుడికనుకుంటే పైకి పోయేది. కిందికనుకుంటే తిన్నగా కుడికి పోయేది. మొదట్లో గుర్తుపెట్టుకుని అనుకునేవాణ్ణి, తర్వాత దానంతటదే అలవాటైపోయింది. ఇప్పుడు నువ్వు తిన్నగా చేసేసరికి నేను వంకరయ్యాను."

పెద్దాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. దారి మారితే మెదడు తన ఎత్తుగడ మార్చుకుంటుందా అన్నదే ఆ ప్రయోగం తేల్చాల్సిన విషయం. మూసేసే మాటే మర్చిపోయి, పాత ప్రోగ్రామూ కొత్తదీ మార్చి మార్చి చూపించమన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్?" అంది అమ్మాయి.

"కొత్తవాడి చేతిలో కత్తి ఉన్నప్పుడు కసరకూడదమ్మా. చెయ్యి వణుకుతుంది. మళ్ళీ కత్తి ముట్టుకోడు."

అమ్మాయికి ఆయనంటే ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేం. ఇకమీదట ఏ తప్పున్నా మొహంమీదే చెప్పాలని ఒట్టు వేయించుకుంది. బాబాయ్ భయంభయంగానే మొదలుపెట్టాడు.

"అయితే... రోజూ నువ్వు తాగించే టీలో పంచదార మర్చిపోతున్నావమ్మా."