వెస్సాన్ దీవిలో మా వదిన

మొన్న శనివారం తోటకూర దొరుకుతుందేమోనని మా కాపెల్ ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్తే, ఓ మూల గుడారం కింద ఒకావిడ పెద్ద గుండ్రటి పెనం మీద నల్లటి పిండి పోసి, కొయ్యపుల్లతో అంచులదాకా తిప్పుతూ అట్టు వేస్తోంది. ఆ ఉప్పువెన్న కాగిన వాసన ముక్కుకి తగలగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మావారు ముందుకి వెళ్ళిపోయి, నేను పక్కన లేనని చూసుకుని వెనక్కొచ్చి, ఏమైందని అడిగితే వదిన గుర్తొచ్చిందన్నాను. ఆయన వెళ్ళి ఒక అట్టు కొని నా చేతిలో పెట్టారు.

వదినంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య సరుకుల ఓడల్లో ఇంజనీరుగా చేసేవాడు. మా మేనకోడలు ఇంకా ముద్దుమాటలు పలికే రోజుల్లోనే ఆయన ఎక్కిన ఓడ ఫ్రాన్స్ పడమటి కొస అవతల తుఫానులో మునిగిపోయింది. కొందరు బతికి బయటపడ్డారు, కొందరి శవాలు దొరికాయి, అన్నయ్య మాత్రం ఇటూ కాలేదు, అటూ కాలేదు. అలా మనిషి దొరకనప్పుడు కొన్నేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి, దానికే దహనం చేసి కర్మ జరిపిస్తారని మన తరం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వదిన దానికి ససేమిరా అంది. ఏ చేపలవాళ్ళో కాపాడి ఉంటారు, మతి తప్పి ఏ ఊళ్ళోనో ఉండి ఉంటారు, రేపు మనిషి గుమ్మంలోకి వస్తే ఏ మొహం పెట్టుకుని పలకరిస్తామంది. పెద్దవాళ్ళు బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి విసిగి ఊరుకున్నారు. ఆవిడ స్కూల్లో పాఠాలు చెప్పి కూతుర్ని పెంచి, ఆ పిల్లతోపాటు అమెరికాలోని హెర్న్‌డన్ వచ్చి, జుట్టు పూర్తిగా నెరిశాక కూడా రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని తిరుగుతుంటే, నాకు ఒకపక్క కడుపు తరుక్కుపోయేది, ఇంకోపక్క ఒళ్ళు మండేది. పోయింది నా తోడబుట్టినవాడు కదా, నేను ఏడవడానికి కూడా ఆవిడ వీలు లేకుండా చేసిందని నా కడుపుమంట.

మేనకోడలికి గ్రీన్‌కార్డ్ వచ్చి, ఇక వీసా స్టాంపింగ్ భయం లేకుండా దేశం దాటగలిగిన మొదటి వేసవిలోనే ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి టికెట్లు బుక్ చేసింది. అమ్మకి ఉత్త వెకేషన్ అని చెప్పానత్తా, నువ్వు కూడా వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది అని ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న మునిగిన నీళ్ళు వాళ్ళమ్మ ఒక్కసారి కళ్ళారా చూస్తే, ఆ ఎదురుచూపులు ఆగుతాయేమోనని దాని ఆశ. తీరా చూస్తే సూట్‌కేస్ సర్దుకుంటూ ఫోన్లో నాతో మాట్లాడిన వదిన, ఆ తీరం ఊళ్ళ పేర్లు వరసగా, ఒక్కటీ తడబడకుండా చెప్పింది. దాచాలనుకున్న మా తెలివి అలా ఏడ్చింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తీరం అందమే అందం. రాతి ఇళ్ళు, వాటి ముందు గుత్తులు గుత్తులుగా నీలం పూలు, సముద్రం పొద్దున ఊరి గుమ్మందాకా వచ్చి మధ్యాహ్నానికి ఎటో వెళ్ళిపోతే బురదలో పక్కకి ఒరిగిపోయిన పడవలు. కాంకార్నోలో ఊరి మధ్య నీళ్ళలోనే కోటగోడ కట్టుకుని అందులో ఇంకో చిన్న ఊరు పెట్టుకున్నారు. వారానికోసారి ఒక్కో ఊళ్ళో సంత. జడల్లా అల్లి వేలాడదీసిన గులాబీరంగు ఉల్లిపాయలు, మంచు మీద పరిచిన చేపలు, పేర్లు కూడా తెలియని నత్తలూ గుల్లలూ చూసి నేను ముక్కు మూసుకుంటే, వదిన నన్ను వెక్కిరిస్తూ ముందుకి నడిచేది. మాంసం, గుడ్డు ఏమీ వద్దని మేనకోడలు సైగలతో చెప్పి చేయించిన ఆ నల్లటి అట్టుని ఇష్టంగా తిని, దీనికి కాస్త అల్లంపచ్చడి తగిలిస్తే మన పెసరట్టు దీని కాళ్ళు పట్టుకోవాల్సిందే అంది. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ నవ్వడం చూసి మేమిద్దరం సంబరపడ్డాం.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. సంతలో ఆవిడ చూస్తున్నది ఉల్లిపాయల్ని కాదు, మనుషుల్ని అని నాకు రెండో ఊళ్ళో అర్థమైంది. కాస్త చామనచాయగా, పొడుగ్గా, వయసు మళ్ళిన మగవాడు కనిపిస్తే చాలు, ఆ పక్కగా నడిచి మొహంలోకి చూసి వచ్చేది. ఒకచోట రేవుగట్టు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఎదురుగా వెళ్ళి నిలబడిపోతే, ఆయన పాపం ఏదో అడుగుతోందనుకుని తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మేనకోడలు కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. అమ్మని మరిపించడానికి తెచ్చి ఇంకా రెచ్చగొట్టానత్తా అంది.

చివరికి మిగిలింది వెస్సాన్ దీవి. ఓడ నించి ఆఖరి కబురు వచ్చింది ఆ దీవికి అవతల నించేనట. వెళ్ళకుండా తిరిగిపోదామని నేను, వద్దంటే ఊరుకోదని మేనకోడలు, ఇద్దరం గుసగుసలాడుకుంటుంటే వదిన అప్పటికే స్వెటర్ తొడుక్కుని తయారైంది. పడవ దిగి నడిస్తే చెట్టనేది లేని గాలిదీవి, ఊరి నడుమ ఒక చర్చి, పక్కనే ప్రహరీ లోపల రంగురంగుల పూలు. తోటనుకుని లోపలికి వెళ్ళి ఒక రాతిపలక మీద హాయిగా కూర్చున్నాం, తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత కూడా తీశాం. పలక మీద పేర్లు చదివిన మేనకోడలు, అత్తా లేవండి, ఇది సమాధి అనేసరికి తటాలున డబ్బా మూసేశాను. పసుపూ కుంకుమల కోసం ఇన్నేళ్ళు లోకంతో పోట్లాడిన మనిషిని నా చేతులతో శ్మశానంలోకి తెచ్చి, పులిహోర వడ్డించబోయాను. వదినా లే, బయటికి పోదాం పద అని నేను లాగుతుంటే, ఆవిడ ఆ సమాధుల మధ్య ఒక చిన్న రాతిగూడు కేసి చూస్తూ కదల్లేదు.

పూలకి నీళ్ళు పోస్తున్న ఒక పెద్దావిడ మా హడావిడి చూసి దగ్గరికొచ్చింది. ఆవిడ తన భాషలో చెబుతుంటే మేనకోడలు ఫోన్‌లో అనువాదం పెట్టి, ఆ తెలుగుని సరిచేసి మాకు చెప్పింది. సముద్రంలో పోయి దేహం దొరకని మగవాళ్ళ కోసం పూర్వం ఇక్కడ మైనంతో చిన్న శిలువ చేసేవారట. ఇంటి పెద్ద వెళ్ళి ఆ భార్యకి, ఈ రాత్రికి నీ మనిషి ఇంటికి వస్తున్నాడని చెప్పేవాడట. ఆ శిలువని తెల్లటి గుడ్డ మీద పెట్టి, చుట్టాలందరూ చుట్టూ కూర్చుని రాత్రంతా తోడుండి, తెల్లారాక చర్చికి తీసుకెళ్ళేవారట. అలాంటి శిలువలన్నీ చివరికి చేరింది ఈ రాతిగూట్లోకేనట. ఇప్పుడా పద్ధతి పోయింది, వాళ్ళ అమ్మమ్మ మాత్రం ఒకసారి అలా కూర్చుందట.

గాలికి కొంగు ఎగిరిపోతున్నా వదిన సర్దుకోలేదు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"చూశావా అమ్మాయ్, వీళ్ళు పోయాడని చెప్పలేదు. ముందు ఇంటికి తెచ్చారు, ఆ తర్వాతే పంపించారు. మీరందరూ నన్ను ఊరికే పంపించెయ్యమన్నారు."

అప్పుడు ఏడ్చింది. భర్త పోయినావిడ ఎలా ఏడుస్తుందో అలా ఏడ్చింది. ఆ పెద్దావిడ మా భాష రాకపోయినా పక్కనే కూర్చుని వీపు నిమిరింది.

హెర్న్‌డన్ తిరిగొచ్చాక పంతులుగారిని పిలవమని వదినే చెప్పింది. అయితే దర్భబొమ్మ ముందు ఇంట్లోకి రావాలని పట్టుబట్టింది. అలా శాస్త్రంలో లేదమ్మా, గడప దాటించకూడదని పంతులుగారు ఎంత నచ్చచెప్పినా వినలేదు. ఆఖరికి ఆయన, నేను చూడలేదనుకుంటాను, రేపొద్దున్న వస్తానని చెప్పి కారెక్కి వెళ్ళిపోయారు. లివింగ్ రూములో అన్నయ్య పాత పంచె పరిచి, ఆ బొమ్మని దాని మీద పడుకోబెట్టి, ఆయనకిష్టమైన గుత్తివంకాయ వండి, చుట్టూ అందరం కూర్చున్నాం. మర్నాడు పెరట్లో ఫైర్ పిట్‌లో మేనకోడలే నిప్పు పెట్టింది. పోయిన తిథి తెలియదు కనక, మేము దీవిలో ఉన్న రోజు తిథినే వదిన ఆబ్దికానికి ఖాయం చేసింది.

ఆ తర్వాత వదిన తేలికపడింది. మేనకోడలి కూతురితో ఆటలాడింది, టీవీ సీరియళ్ళు చూసింది, రాత్రులు గాఢంగా నిద్రపోయింది. కిందటేడు అలాంటి నిద్రలోనే వెళ్ళిపోయింది. ఇప్పుడు మా ఇళ్ళలో అన్నయ్య గురించి అందరూ ధారాళంగా, ఏ జంకూ లేకుండా మాట్లాడుకుంటారు. ఆయన ఫోటోకి దండ ఉంది, ఏడాదికోసారి ఆబ్దికం ఉంది, అన్నీ సవ్యంగా ఉన్నాయి. నేను కోరుకున్నదీ అదే. కానీ అట్టు చల్లారిపోతుండగా ఆ మార్కెట్లో బెంచీ మీద కూర్చుని మొదటిసారి అనుకున్నాను, పిచ్చిదని మేము తిట్టిన ఆ మనిషి ఎదురుచూసినన్నాళ్ళూ మా అన్నయ్య ఎక్కడో ఒకచోట ఉండేవాడు. ఇప్పుడు ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు.