మా పెరట్లో తయారైన ఎలక్ట్రిక్ గిటార్

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు... ఒక ఆదివారం మా పెదనాన్న కొడుకు రాజు అన్నయ్య పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ నరసాపురంలోని మా ఇంటికొచ్చాడు. అప్పట్లో భీమవరంలో ఇంజనీరింగ్ చదివేవాడు. పెట్టెలో ఎలక్ట్రిక్ గిటార్ ఉందన్నాడు. గబగబా మూత తీశాను...

లోపల గిటార్ లేదు. గిటార్ ఆకారంలో కోసిన రంగు లేని చెక్క ఒకటి, దానికి తగిలించే పొడుగాటి మెడ, పొట్లాల్లో మరలు, తీగల చుట్ట, వైర్లు, ఒక కాగితం.

ముక్కలుగానే వస్తుందట. మనమే బిగించుకోవాలట. హాస్టల్లో మొదలుపెట్టబోయి విసుగొచ్చి వదిలేశాడట. కావాలంటే ఉంచుకోమని చెప్పి, భోంచేసి వెళ్ళిపోయాడు.

నాకు గిటార్ ఎంత అవసరమో ఇంట్లో తెలుసు. రెండేళ్ళుగా మా క్లాసు మేరీ వాళ్ళింట్లో, వాళ్ళ నాన్నగారి గిటార్ మీద నేర్చుకున్నాను. ఆ వేసవిలో వాళ్ళు కాకినాడ మారిపోయారు... గిటార్ కూడా వాళ్ళతోనే పోయింది. స్కూలు వార్షికోత్సవంలో వాయిస్తానని నేను అప్పటికే పేరిచ్చేశాను. గిటార్ దొరక్కపోతే ఆ పేరు కొట్టేస్తానని మాస్టారు చెప్పేశారు.

మా నాన్న వేటకెళ్ళే పడవలకు రంగులు వేసేవారు. ఆ చెక్కను అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో తడిమి, పడవంత పని లేదులే అన్నారు. రోజూ పని నుంచి వచ్చాక పెరట్లో పీట వేసుకుని గరుకు కాగితంతో రుద్దేవారు. పక్కన కూర్చుని నేనూ రుద్దేదాన్ని. సందుల్లో లప్పం పెట్టి, అది గట్టిపడ్డాక మళ్ళీ రుద్ది... చెక్క నున్నగా అయ్యాక పడవలకు వేసే ముదురు నీలం పూశారు.

అక్కడే దెబ్బతిన్నాం. అసలే వానాకాలం. మొదటి పూత లోపల ఆరకముందే రెండోది వేసేసరికి, తెల్లారేటప్పటికి రంగంతా ముడతలు పడి పొక్కులు లేచింది. నేను ఏడ్చేశాను. నాన్న ఒక పొక్కును గోటితో గీకి చూశారు.

"తప్పు నాదేనమ్మా. పడవైతే ఎండలో ఉంటుంది, దాని పాటికది ఆరిపోద్ది. దీన్ని నేనే తొందరపెట్టేశాను."

ఆ రోజే మొత్తం గీకేశారు. మూడు వారాల పని మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి పల్చగా ఒక పూత వేయడం, వంటింట్లో పొయ్యికి కాస్త ఎడంగా దూలానికి వేలాడదీయడం, నాలుగైదు రోజులాగి ఇంకో పూత వేయడం... అన్నాళ్ళూ అమ్మ దాని కింద నుంచి వంగి వంగి తిరుగుతూనే వంట చేసింది. చివరికి వాటర్ పేపర్ అనే సన్నటి గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్ది, మెత్తటి పాతగుడ్డతో తుడిస్తే... ఆ నీలంలో నా మొహం కనిపించింది.

ఇక మిగిలింది వైర్ల పని. మా వీధిలో టీవీలు బాగుచేసే బాబాయి దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చాం. కానీ ఏ వైరు ఎక్కడ అతకాలో అర్థమైతేగా. కాగితం నిండా ఇంగ్లీషు, ఒక మూల గీతల బొమ్మ. పైగా నాన్న లావు వేళ్ళకు ఆ సన్నటి వైర్లు అస్సలు లొంగలేదు.

అమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం పనయ్యాక అరుగు మీద కూర్చుంటే, ఆ సూది కొక్కెం ఎటు తిరుగుతుందో మన కంటికి అందదు. ఆ రోజు అల్లిక పక్కనపెట్టి లేచి వచ్చింది. కాగితం తీసుకుని, ఇంగ్లీషు వదిలేసి బొమ్మ మాత్రం చూసింది.

"ఇది కూడా డిజైన్ కాగితమే కదే. మొదలెక్కడో పట్టుకుంటే మిగతాది అదే వచ్చేస్తుంది. ఆ నల్ల వైరు ఇటియ్యి."

రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒకసారి వేలు కాల్చుకుంది కూడా. నాన్న మెడ బిగించారు, నేను తీగలు కట్టాను.

మోగుతుందో లేదో చూడాలంటే మైక్ సెట్ కావాలి. ముగ్గురం వీధి చివర మైక్ సెట్లు అద్దెకిచ్చే ఆయన దుకాణానికి వెళ్ళాం. వైరు తగిలించి తీగ మీటాను... శబ్దం లేదు. మళ్ళీ మీటాను. లేదు. ఇలాంటివి ఇంట్లో చేస్తే అయ్యేవి కావని ఆయన నాన్నతో నెమ్మదిగా అన్నారు.

అమ్మ ఆయన్ని స్క్రూడ్రైవర్ అడిగింది. వెనక మూత విప్పి, కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వైరు వెంట వేలు పోనిస్తూ వెళ్ళింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ ముడి వదులైంది."

దుకాణం ఆయన సోల్డరింగ్ ఐరన్‌తోనే అమ్మ దాన్ని మళ్ళీ అతికించింది. ఈసారి మీటేసరికి దుకాణమంతా ఝుమ్మంది... రోడ్డు మీద వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. నాన్న అమ్మ భుజం మీద చెయ్యి వేశారు. నలుగురిలో ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

వార్షికోత్సవం రోజు మధ్యలో ఒకచోట తడబడ్డాను గానీ, వాయించేశాను. చప్పట్లు బాగానే కొట్టారు. కిందికి దిగాక హెడ్‌మాస్టారు గారు గిటార్ చేతిలోకి తీసుకుని, ఎక్కడ కొన్నారని నాన్నని అడిగారు.

"కొన్నది కాదండి, ఇంట్లో చేసుకున్నాం. రంగు నాదండి. లోపల పనంతా మా ఆవిడది."

హెడ్‌మాస్టారు గారు అమ్మ వైపు తిరిగి పేరడిగారు. అమ్మ కొంగు సర్దుకుని, "వెంకటలక్ష్మి అండి" అంది. ఆమె అల్లిన లేసులు ఎన్ని ఊళ్ళు వెళ్ళాయో ఆమెకే తెలియదు. ఆ లేసు ఎవరు చేశారని ఒక్కరైనా అడిగింది లేదు. ఆ రోజు మాత్రం మాస్టార్లు, పిల్లల తల్లులు చుట్టూ చేరి అడుగుతూనే ఉన్నారు... వైర్లు ఎలా అతికించిందో అమ్మ ఒక్కొక్కరికీ మూత విప్పి చూపిస్తూనే ఉంది. నేను పక్కన నిలబడి, మా అమ్మే అని చెప్పుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు ఫోన్లో నొక్కితే రెండు రోజుల్లో గిటార్ గుమ్మంలో ఉంటుంది. నిగనిగలాడుతూ, మనం ఒక్క మర కూడా తిప్పక్కర్లేకుండా... మొన్న ఒకటి తెప్పించుకున్నాను. చాలా బాగా మోగుతుంది. దాన్ని ఎవరు చేశారో మాత్రం నాకు తెలియదు.

మీ ఇంట్లో మీవాళ్ళ చేతుల మీద తయారైన వస్తువు ఏదైనా ఉంటే కింద రాయండి... చేసినవాళ్ళ పేరు కూడా రాయండి.